చూడనిదానినిగూర్చిన సాక్ష్యము



జనవరి నెలాఖరునను ఫిబ్రవరి నెలలోను ఏన్కూరు చుట్టుపట్ల మిరపకల్లములకు కావలి పండుకొనువారికి ఆకాశము బాగుగా తెలియును. రాత్రి తొమ్మిది గంటలవేళ దక్షిణముగా తిరిగి తలయెత్తినయెడల వరుసగా నిలిచిన మూడు చుక్కలు కనబడును. యోబు గ్రంథములో మృగశీర్షమని పేరు వచ్చునది ఈ చుక్కలున్న మండలమే. ఆ మూడింటి వరుసను ఎడమచేతివైపు దిగువకు సాగదీసినయెడల, రాత్రి చుక్కలన్నిటిలో మిక్కిలి వెలుగుగల సిరియసు అను నక్షత్రము తగులును. దానినుండి చాచిన చేతి పిడికిలియంత దూరమున, కుడివైపు కొంచెము దిగువగా, మన కంటికి ఆనని మరియొక నక్షత్రము గలదు. దానికి ముద్దు పేరేమియు లేదు. గ్లీసె అను జర్మను శాస్త్రజ్ఞుడు సమీప నక్షత్రములకు వ్రాసిన పట్టికలో 229వది గనుక దానిని గ్లీసె 229 అందురు.

ఈ రెండు నక్షత్రములకును వెంట తిరుగు తోడు కలదు. ఆ తోడు మనకు కనబడదు. అది యున్నదని మనుష్యులు ఎట్లు తెలిసికొనిరో చెప్పవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. అయితే నా ప్రశ్న చుక్కలతో ముగియునది కాదు. కంటితో చూడనిదానిని ఉన్నదని చెప్పుటకు మనుష్యునికి ఎప్పుడు హక్కు కలుగును?

ఇది పండితుల ప్రశ్న యని పేజీ త్రిప్పివేయకుడి. మన పల్లెలలో ఈ ప్రశ్న ప్రతి జ్వరముతోను లేచును. బిడ్డ మూడు దినములు మూసిన కన్ను తెరువదు. పాలిచ్చు గేదె హఠాత్తుగా పడిపోవును. వెంటనే ఎవరో ఒకరు, దీని వెనుక చేయి ఉన్నదందురు. చేయి ఉన్నదన్న తరువాత ఆ చేయి ఎవరిదో చెప్పవలెను గదా! ఊరి చివర ఒంటరిగా నుండు విధవరాలు గుర్తుకు వచ్చును. 2022 జనవరిలో జగిత్యాల పట్టణమున చేతబడి అనుమానముతో ఒక తండ్రిని, అతని ఇద్దరు కుమారులను పట్టపగలు పొడిచి చంపిరి. అది అడవి మధ్యనున్న గూడెము కాదు, జిల్లా కేంద్రము. ఇట్టి నిందలు వేయువారు తాము గాలిమాట చెప్పుచున్నామని యెన్నడును అనుకొనరు. గురుతులు చూచితిమి, గురుతులనుబట్టి చూడనిది తెలిసికొంటిమి అందురు. నక్షత్ర శాస్త్రజ్ఞుడు చెప్పునదియు అచ్చముగా ఈ మాటయే. మరి వీరికిని వారికిని భేదమెక్కడ?

మొదట ఆ శాస్త్రజ్ఞులు చేయు పని ఏమిటో చూతము. అమావాస్య రాత్రి దూరముగా గట్టుమీద ఒకడు లాంతరు పట్టుకొని నడచుచున్నాడనుకొనుడి. మనిషి కనబడడు, లాంతరే కనబడును. అది తిన్నగా సాగక, లెక్క తప్పకుండ ఒకసారి ఈ ప్రక్కకు ఒకసారి ఆ ప్రక్కకు ఒరుగుచున్నయెడల, అతని రెండవ చేతిని పట్టుకొని ఎవరో లాగుచు నడచుచున్నారని మనమనుకొందుము. నక్షత్రములును నిలిచియుండవు, ప్రతిదియు మెల్లగా తన త్రోవను పోవుచుండును. 1844లో జర్మనీ దేశపు బెస్సెల్, సిరియసు తిన్నని గీతమీద పోవుట లేదనియు, పాము ప్రాకినట్లు అటునిటు ఒరుగుచున్నదనియు, కనబడని బరువైనదేదో దానిని లాగుచున్నదనియు చెప్పెను. రెండేండ్లకు ఆయన మరణించెను. ఆ తోడును ఎవరును ఆయనకు చూపలేదు.

1862 జనవరి 31వ తేదీన అమెరికాలో ఆల్వన్ గ్రాహము క్లార్కు అను కటకములు సానపట్టువాడు తాను క్రొత్తగా చేసిన పద్దెనిమిదిన్నర అంగుళముల కటకమును పరీక్షించుచుండెను. పరీక్షకై సిరియసు వైపు దుర్భిణిని త్రిప్పగా, ఆ గొప్ప వెలుగు ప్రక్కన చిన్న చుక్క కనబడెను. బెస్సెల్ చెప్పినది అదియే. వెదకుటకు కూర్చున్నవాడు కాదు, తన అద్దము సరిగా నున్నదో లేదో చూచుకొనుచున్నవాడు దానిని కనుగొనెను. ఈ సంగతిని మనస్సునందుంచుకొనుడి.

అన్ని కథలు ఇట్లు ముగియలేదు. మన దక్షిణ దేశములోనే, మద్రాసు వేధశాలలో, కెప్టెన్ జాకబు అనునాయన 70 ఒఫ్యూకి అను జంట నక్షత్రముల కొలతలను సరిచూచి, అవి లెక్క ప్రకారము తిరుగుట లేదు గనుక మూడవదేదో, గ్రహమువంటిది, అచ్చట ఉండవచ్చునని 1855లో ప్రకటించెను. సూర్యునికి వెలుపల ఒక నక్షత్రమునకు గ్రహము గలదని కొలతలు చూపి చెప్పినవారిలో ఆయన మొదటివాడని చెప్పవచ్చును. అయితే ఆయన దానిని నిశ్చయమని చెప్పలేదు. బహుశః నిజమై యుండునని మాత్రమే చెప్పెను. నలుబది సంవత్సరములైన తరువాత అమెరికాలో సీ అనునతడు అదే నక్షత్రముమీద అదే సంగతిని బల్లగుద్ది చెప్పెను. అతడు చెప్పినట్టి తోడు అచ్చట నిలువజాలదని 1899లో మౌల్టన్ అనునాయన గణితముతో చూపగా, సీ కోపముతో ఉత్తరము వ్రాసి తన పరువునే పోగొట్టుకొనెను. ఇద్దరును చెప్పినది నిలువలేదు. అయినను జాకబు పేరు తలచినప్పుడు ఎవరును నవ్వరు.

ఇంతకంటె ఆలోచింపదగినది వాన్ డి కాంపు చరిత్ర. 70 ఒఫ్యూకి యున్న మండలములోనే బర్నార్డు నక్షత్రమను మసక నక్షత్రము గలదు. మనకు ఆరు కాంతి సంవత్సరముల దూరము, అనగా ఆకాశములో మన ఇరుగుపొరుగు. అమెరికాలోని స్ప్రౌల్ వేధశాలలో వాన్ డి కాంపు 1938 మొదలుకొని ఈ నక్షత్రపు ఛాయాచిత్రములను గాజు పలకలమీద తీయించెను. ఇరువదియైదు సంవత్సరములు! ఎంత ఓపిక! 1963లో, ఈ నక్షత్రము ఒరుగుచున్నది, గురుగ్రహముకంటె పెద్దదైన గ్రహమొకటి దానిచుట్టు తిరుగుచున్నదని ప్రకటించెను. లోకము నమ్మెను. పాఠ్యపుస్తకములలో చేరెను. ఆ ఒరుగుట గాజు పలకమీద మిల్లీమీటరులో వెయ్యవ వంతు మాత్రమే యని సామాన్యులకు ఎవరు చెప్పుదురు?

1973లో గేట్‌వుడ్, ఐకార్న్ అను ఇద్దరు వేరు దుర్భిణులతో తీసిన పలకలను కొలిచి చూడగా ఒరుగుట కనబడలేదు. అదే సంవత్సరము హెర్షీ అనునాయన స్ప్రౌల్ పలకలనే తీసి, బర్నార్డు నక్షత్రమును విడిచి మరియొక నక్షత్రమును కొలిచెను. అదియు ఒరిగెను! బర్నార్డు నక్షత్రము ఒరిగిన కాలముననే ఒరిగెను. 1949 ప్రాంతమున ఆ దుర్భిణి కటకమునకు క్రొత్త చట్రము బిగించిరి. ఆ దినము మొదలుకొని ఆకాశమంతయు రవంత జరిగినట్లు పలకలమీద పడెను. ఊగినది నక్షత్రము కాదు, చూచుచున్న అద్దము.

వాన్ డి కాంపు మోసగాడు కాడు. నిజాయితీపరుడు, కష్టజీవి, సంగీతము తెలిసినవాడు, శిష్యులచేత ప్రేమింపబడినవాడు. నాకు ఆయనయందు గౌరవము తగ్గలేదు. అయినను 1995లో మరణించు వరకు తన గ్రహములను విడువలేదు. తాను ఇరువదియైదేండ్లు కన్నార్పక చూచిన అద్దమును మాత్రము అనుమానింపలేకపోయెను. ఎదుటివాని కంటిలోని నలుసును ఎంచువాడు తన కంటిలోని దూలమును ఎంచుకొనవలెనన్న బోధ మనకు చిన్ననాటనుండి తెలియును. దానిని మనము దుష్టులకే వర్తింపజేసికొందుము. ఈయన సంగతి చూడగా, మంచివానికి అది మరింత కష్టమని తోచుచున్నది.

ఇంకొక సంగతి. 2024లో బర్నార్డు నక్షత్రమునకు నిజముగానే ఒక గ్రహము దొరికెను. 2025లో మొత్తము నాలుగని తేలెను. అవి మన భూమికంటెను చిన్నవి, కొలది దినములలో నక్షత్రమును చుట్టివచ్చునవి. ఈ వార్త విని, చూచితిరా, వాన్ డి కాంపు చెప్పినది నిజమే యాయెను అనువారున్నారు. నేనట్లు ఒప్పుకొనను. ఆయన చెప్పిన గ్రహము గురుగ్రహమంతటిది, దొరికినది వేరు. ఊరిలో దొంగయున్నాడని రామయ్యను కట్టి కొట్టిన తరువాత సోమయ్య దొంగయని తేలినయెడల, దొంగయున్నాడన్న మాట నిజమేనని కొట్టినవాడు తప్పించుకొనగలడా?

యోబు స్నేహితులనుగూర్చి ఇక్కడ తలంపక తప్పదు. వారు వచ్చి అతనితో ఏడు దినములు నేలమీద మౌనముగా కూర్చున్నంతసేపు మంచి స్నేహితులే. నోరు తెరచిన తరువాతనే చెడిరి. వారు చూచినదేమి? మందలు పోయెను, బిడ్డలు పోయిరి, ఒడలంతయు కురుపులు. ఇది ఒరుగుట. దానినిబట్టి చూడనిదానిని నిర్ణయించిరి: ఇతనిలో ఎవరికిని తెలియని పాపమున్నది. వారి లెక్కకు ఆధారమొక్కటే; కష్టమున్నచోట పాపమున్నదని తాము నమ్మిన సిద్ధాంతము. ఆ సిద్ధాంతమనెడి అద్దమును వారిలో ఒక్కడైనను తీసి చూచుకొనలేదు. పైగా ఒకడు చెప్పినది మరియొకడు చెప్పుటచేత ముగ్గురు సాక్షులైరని వారికి తోచియుండును. ఒకే అద్దములోనుండి ముగ్గురు చూచినయెడల సాక్షి ఒక్కడే గాని ముగ్గురు కారు. గేట్‌వుడ్ వేరు దుర్భిణి పలకలను ఎందుకు వెదకెనో మీకు ఇప్పుడు తెలియును.

చూడనిదానినిగూర్చి తొందరపడినవారి కథలు చెప్పితిని. ఇప్పుడు చూచినదానినిమాత్రమే చెప్పి ఊరకున్నవారి కథ చెప్పెదను. అది మన నైజాములోనే జరిగినది.

1887లో పారిసు పట్టణమున నానా దేశముల శాస్త్రజ్ఞులు కూడుకొని, ఆకాశమంతటిని పట్టీలుగా పంచుకొని, ఒక్కొక్క వేధశాల ఒక్కొక్క పట్టీలోని నక్షత్రములన్నిటిని గాజు పలకలమీద చిత్రించి కొలువవలెనని నిర్ణయించిరి. పొలము సర్వే చేసి హద్దురాళ్లు పాతినట్లన్నమాట. దక్షిణపు ఆకాశములో 17వ డిగ్రీనుండి 23వ డిగ్రీ వరకు గల పట్టీ మొదట చిలీ దేశములోని సాంటియాగోవారికి ఇయ్యబడెను. అచ్చట ఆ పని నెరవేరలేదు. అది హైదరాబాదుకు వచ్చెను. నవాబు జఫర్ జంగు 1901లో సొంత డబ్బుతో స్థాపించిన వేధశాలను 1908లో నైజాము ప్రభుత్వము తీసికొని బేగంపేటలో నిలిపెను. అదియే నిజామియా వేధశాల. 1914లో డైరెక్టరుగా వచ్చిన పోకాకు అను యువకుడు 1918లోనే మరణించెను, తరువాత టి. పి. భాస్కరన్ ఆ భారమును మోసి చివరకు చేర్చెను.

ఆ పని ఎట్టిదో ఊహించుకొనుడి. రాత్రి ఒకడు దుర్భిణి నొద్ద గాజు పలకకు వెలుగు సోకించును. పగలు మరియొకడు ఆ పలకమీది చుక్కలను సూక్ష్మదర్శినితో చూచి, అడ్డముగా ఇంత, నిలువుగా ఇంత అని రెండు అంకెలు చెప్పును. మరియొకడు వ్రాసికొనును. మరల రెండవ చుక్క. మరల మూడవది. ఇట్లు పండ్రెండు సంపుటములలో ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రముల స్థానములు అచ్చుపడెను. ఆ సంపుటములలో కథ లేదు, అభిప్రాయము లేదు, అంకెలే. దీనివలన ఏమి కనుగొంటిరని ఆ దినములలో ఎవడైన అడిగియుండినయెడల వారు చూపగలిగినది ఆ పుస్తకముల బరువే.

అయితే నక్షత్రము ఒరుగుచున్నదో లేదో తెలియవలెనన్న, ఇప్పుడెక్కడున్నదో తెలిసిన చాలదు; నూరేండ్ల క్రిందట ఎక్కడ నుండెనో తెలియవలెను. పోయిన కాలమునకు తిరిగి వెళ్లి చిత్రము తీయగల దుర్భిణి ఏదియు లేదు. 2000 సంవత్సరములో టైకో-2 అను పట్టికను సిద్ధపరచినవారు, హిప్పార్కసు ఉపగ్రహపు కొలతలను ఈ పాత పలకల కొలతలతో, హైదరాబాదువారి వాటితోకూడ, కలిపి ఇరువదియైదు లక్షల నక్షత్రముల నడకను లెక్కగట్టిరి. 2005లో మకారోవు, కాప్లాన్ అనువారు ఉపగ్రహము మూడు నాలుగేండ్లలో చూచిన నడకను, ఈ దీర్ఘకాలపు నడకను ప్రక్కప్రక్కన పెట్టి, రెండును సరిపడని నక్షత్రములను వందలకొలది ఏరిరి. సరిపడనిచోట కనబడని తోడు ఉండవచ్చును. బేగంపేటలో అంకెలు వ్రాసిన గుమాస్తా అప్పటికి మట్టిలో కలిసి ఎన్ని ఏండ్లాయెనో!

మనము మొదట వెదకిన గ్లీసె 229 ఈ హైదరాబాదు పట్టీలోనిదే. దాని తోడు కథ ఇది. 1994లో అమెరికాలోని పాలోమారు కొండమీద నకజిమా, ఒపెన్‌హైమరు, మన పొరుగున హుబ్బళ్లిలో పెరిగిన శ్రీనివాస కులకర్ణి మొదలగువారు దాని ప్రక్కన మిక్కిలి మసక చుక్కను చూచిరి. చూచిన వెంటనే చాటించలేదు. తల్లాడ బస్టాండులో ఇద్దరు ప్రక్కప్రక్కన నిలిచినంతమాత్రమున బంధువులు కారు. ఒకే బస్సు ఎక్కి ఒకే ఊరిలో దిగినప్పుడు గదా నమ్మవలెను. అది వెనుక ఎంతో దూరముననున్న వేరు నక్షత్రము కావచ్చును. గ్లీసె 229 ఏడాదికి కొంత దూరము జరుగును గనుక, ఆ మసక చుక్కయు దానితోకూడ జరుగునో లేదో చూచుటకు ఏడాది ఆగిరి. జరిగెను. 1995 నవంబరులో ప్రకటించిరి.

అది నక్షత్రమునకు తక్కువ, గ్రహమునకు ఎక్కువ. లోపల మంట అంటుకొనవలెనన్న గురుగ్రహమునకు సుమారు డెబ్బదియైదు ఎనుబది రెట్ల బరువు కావలెను. అంత బరువు లేనివి పుట్టినప్పటి వేడితో కొంతకాలము ఎర్రబడి, మెల్లగా చల్లారిపోవును. ఇట్టివి యుండవలెనని భారతదేశమున పుట్టిన శివకుమారు అను శాస్త్రజ్ఞుడు 1963లోనే లెక్కవేసి చెప్పెను. వీటికి బ్రౌన్ డ్వార్ఫులని, అనగా గోధుమవన్నె మరుగుజ్జులని, తరువాత పేరు వచ్చినది. గ్లీసె 229 తోడు కొలిమిలో మసక ఎరుపు తిరిగిన ఇనుమంతటి వేడిగలది. పెట్రోమాక్సు దీపము ప్రక్కన మిణుగురును వెదకినట్లు దానిని వెదకవలసి వచ్చెను.

ఇంతటితో ముగియవలసినది, ముగియలేదు. తరువాత ఉపగ్రహముల కొలతలతో, ఆ నక్షత్రము ఎంత ఒరుగుచున్నదో చూచి, తోడు బరువును కట్టగా గురుగ్రహమునకు 71 రెట్లు వచ్చెను. అంత బరువైనది అంత మసకగా నుండకూడదు. లెక్క తప్పా, సిద్ధాంతము తప్పా యని కొన్ని ఏండ్లు తికమకపడిరి. కొందరు ఇంకొక మాట అనిరి: అది ఒకటేనని ఎవరు చెప్పిరి? 2024లో దక్షిణ అమెరికాలోని గొప్ప దుర్భిణులతో విడదీసి చూడగా రెండు! ఒకటి గురుగ్రహమునకు 38 రెట్లు, మరియొకటి 34 రెట్లు. పండ్రెండు దినములకొకసారి ఒకదానిచుట్టు ఒకటి తిరుగుచున్నవి. వానలో ఇద్దరు ఒకే గొంగడి కప్పుకొని పోవుచుండగా దూరమునుండి ఒక్కడే యనుకొన్నట్లు, ఇరువది తొమ్మిదేండ్లు లోకమంతయు వాటిని ఒకటే యనుకొనెను.

కనుగొన్నవారికి దీనివలన సిగ్గు కలుగలేదు. వారు తోడు ఉన్నదనిరి, ఉన్నది. ఒకటే యన్నమాట సరిపడనప్పుడు, సరిపడలేదని కొలిచినవారే బయటపెట్టిరి. ఇక్కడనే పల్లెలో నిందవేయువానికిని వీరికిని భేదము కనబడును. చేతబడి యనువాడు తన మాట ఏ విధముగా తప్పని తేలునో చెప్పడు. జ్వరము తగ్గినయెడల మంత్రమునకు భయపడినదనును. తగ్గనియెడల పగ తీరలేదనును. ఇంకొక భేదము నాకు మరింత పెద్దదిగా తోచుచున్నది. సిరియసుమీద ఎవడేమి చెప్పినను సిరియసుకు దెబ్బ తగులదు. విధవరాలికి తగులును. దెబ్బ తగులని నక్షత్రమును గూర్చియే ఏడాది ఆగినవారున్నారు. మనుష్యుని గూర్చి మన ఊళ్లలో ప్రొద్దుగూకువరకైనను ఆగనివారున్నారు.

మన ఏజెన్సీ జ్వరములలో ఎన్నో మలేరియా జ్వరములే. ఆరోగ్య కార్యకర్త వచ్చి వ్రేలినుండి ఒక చుక్క రక్తమును గాజు పలకమీద తీసికొనిపోవుటను మీరు చూచియున్నారు. అదియు కనబడని తోడును వెదకుటయే. ఆ వెదకుట ఒక మెట్టు ఎక్కినది ఆ బేగంపేటలోనే, వేధశాల పుట్టకమునుపు. మలేరియా క్రిమి దోమలో పెరుగునేమో యని రొనాల్డు రాస్ అను మిలిటరీ డాక్టరు 1897 ఆగస్టులో ఒక జ్వరపీడితునిచేత దోమలను కుట్టించుకొనజేసి, కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఇచ్చెను. 20వ తేదీన ఒక దోమ కడుపును కోసి చూడగా మునుపెన్నడు చూడని గుండ్రని కణములు, వాటిలో నల్లని రేణువులు కనబడెను. అతని సూక్ష్మదర్శిని మరలు చెమటకు త్రుప్పుపట్టి యుండెను. కన్నుపెట్టి చూచు కటకము చిట్లి యుండెను. అట్టి అద్దములో చూచినదానిని నమ్మవచ్చునా? అదే దినమున కుట్టిన దోమ ఇంకొకటి బ్రతికి యుండెను. దానిని మరునాటివరకు ఉంచి కోసెను. ఆ గుండ్రని కణములు దానిలోనుండెను. నిన్నటివాటికంటె పెద్దవై యుండెను.